నల్లమందు ఒకప్పుడు కొట్లో అమ్మేవారా? మా అవ్వ చెప్పిన సంగతి

"నల్లమందు, గంజాయి ఒకప్పుడు మన దేశంలో బహిరంగంగానే అమ్మేవారట, తెల్లవాళ్ల కుట్రతోనే నిషేధం వచ్చిందట, నిజమేనా?" అని ఒకరు అడిగారు. అమ్మిన మాట నిజం. కుట్ర సంగతికి తర్వాత వస్తాను.

2004లో మా పాపకి ఎనిమిది నెలలు. తిరుపతి నుంచి నారాయణాద్రిలో హైదరాబాదు పోవాలి. రాత్రంతా ఏడుస్తుందేమోనని నాకు టెన్షన్. వీధి చివర మెడికల్ షాపులో అడిగితే డాక్టర్ చీటీ ఊసే లేకుండా ఒక జలుబు సిరప్ చేతిలో పెట్టి, "అర మూత పట్టండి సార్, తెల్లారేదాకా లేవదు" అన్నాడు. ఇంటికొచ్చి మూతలో పోస్తుంటే మా అవ్వ చూసింది. డెబ్బై అయిదు దాటిన మనిషి, సీసా లాక్కుని పెరట్లో తూములో వంచేసింది. నాకు కోపం వచ్చింది. అప్పుడు కూర్చోబెట్టి చెప్పింది, అంతకుముందు మాలో ఎవరికీ చెప్పని సంగతి.

1930లలో పాకాల దగ్గర మా ఊళ్లో వాళ్లమ్మ శనక్కాయల చేలోకి కూలికి పోయేది. చంటి తమ్ముణ్ణి చింతచెట్టు కింద ఉయ్యాల్లో వేసి, ఎనిమిదేళ్ల అవ్వని కాపలా పెట్టేది. వాడు పడుకోవాలని పొద్దున్నే ఆవగింజంత నల్లమందు చనుబాలల్లో అరగదీసి నాకించేది. చిత్తూరు పోయినప్పుడు లైసెన్సు కొట్లో కొనుక్కొచ్చేవాళ్లట. ఆ రోజు మధ్యాహ్నం వాడు లేచి ఒకటే ఏడుపు. "అమ్మ పెట్టినట్టే ఇంకో రవ్వంత పెట్టినాను నాయనా. నిద్ర బోయినాడనుకున్నా" అంది అవ్వ. అంతవరకే చెప్పింది. చెబుతున్నంతసేపూ బొటనవేలి గోటిని చూపుడువేలితో రుద్దుతూనే ఉంది, దానికింకా ఏదో అంటుకుని ఉన్నట్టు.

పిల్ల తప్పు కాదు, తల్లి తప్పూ కాదు. నల్లమందు ఊపిరిని మందగింపజేస్తుంది, పసిబిడ్డకి ఆ రవ్వంతే ఎక్కువ. ఇది మన పల్లెల అజ్ఞానం అనేవాళ్లకి నేనొకటి చెబుతాను. అమెరికాలో పళ్లొచ్చే పిల్లల కోసం 'మిసెస్ విన్‌స్లో సూథింగ్ సిరప్' అని అమ్మారు, అందులో ఉన్నది నల్లమందు నుంచే తీసే మార్ఫిన్. లేబుల్ మీద ఆ మాట రాసి తీరాలని చట్టం వచ్చింది 1906లో! జర్మనీ బేయర్ కంపెనీ 1898లో ఆ మార్ఫిన్ నుంచి చేసిన హెరాయిన్‌ని దగ్గుమందుగానే బజారులోకి తెచ్చింది.

ఇక కుట్ర. కుట్ర కాదు, డబ్బు. నల్లమందు పండించి చైనాకి పంపి, ఆ వ్యాపారం కోసం యుద్ధాలు చేసిన బ్రిటిష్ వాళ్లే ఇక్కడ 1878 చట్టంతో దాన్ని గుప్పిట్లో పెట్టుకుని లైసెన్సు మీద అమ్మించారు. గంజాయి మీద 1893-94లో కమిషన్ వేస్తే, మితంగా వాడితే పెద్ద హాని లేదు, నిషేధం వద్దు, పన్ను వేయండి అని తేల్చింది. మత్తుమందుల మీద 1961లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందంలో గంజాయి వాడకం ఆపడానికి మనలాంటి దేశాలకి 25 ఏళ్లు గడువిచ్చారు. ఆ గడువు ముంచుకొచ్చాక 1985 నవంబరు 14న ఎన్‌డీపీఎస్ చట్టం, అంటే మన మత్తుపదార్థాల చట్టం, అమల్లోకి వచ్చింది. గంజాయి పూత నేరమైంది, అదే మొక్క ఆకుతో చేసే భంగు మాత్రం ఆ నిర్వచనంలోకి రాలేదు. హాని చూసి గీసిన గీతలు కావివి.

అయినా నిషేధం తప్పని నేననను. "పాతకాలం వాళ్లు వాడారు, ఏం కాలేదు" అని వాట్సాప్‌లో తిప్పేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది. ఏమైందో చెప్పడానికి ఆ బిడ్డ బతికి లేడు.

నాకు అంతకంటే పెద్ద బాధ మెడికల్ షాపులు. కాలేజీ పిల్లాడి జేబులో చిన్న గంజాయి పొట్లం దొరికితే కేసు, కోర్టు. పసిబిడ్డకి మత్తు సిరప్ చీటీ లేకుండా అమ్మినవాణ్ణి అడిగేవాడు లేడు. ప్రోమెథజైన్ (అలర్జీకి, జలుబుకి వాడే, మత్తు తెచ్చే మందు) లాంటివి రెండేళ్ల లోపు పిల్లలకి ఊపిరి ఆగే ప్రమాదం ఉందనే వద్దన్నారు. ప్రయాణాల కోసం అడిగి కొనేవాళ్లను ఇప్పటికీ చూస్తున్నాను. దయచేసి కొనకండి.

ఆ రాత్రి పాప రేణిగుంట దాటాక కూడా ఏడ్చింది. పై బెర్తు ఆయన విసుక్కున్నాడు. భుజాన వేసుకుని తలుపు దగ్గర నిలబడ్డాను. గూడూరు వచ్చేసరికి తనంతట తనే పడుకుంది.