ట్యాంకు నింపిన తర్వాత కారులో పెట్రోలు వాసన: పంపు మార్చే ముందు చూడవలసినవి

విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో మీరు ఎనిమిదేళ్ల నాటి పెట్రోలు హ్యాచ్‌బ్యాక్ వాడుతున్నారనీ, ట్యాంకు నిండా కొట్టించిన ప్రతిసారీ రెండు మూడు రోజులు కారు లోపల పెట్రోలు వాసన వచ్చి దానంతట అదే తగ్గిపోతోందనీ, మెకానిక్ ఫ్యూయల్ పంపు మార్చాలంటున్నారనీ రాశారు. పంపు మార్చడానికి ఇప్పుడే ఒప్పుకోకండి. మా కారుకూ సరిగ్గా ఇవే లక్షణాలు కనిపించాయి; లోపం మాత్రం పంపులో కాక, మూత దగ్గర నుంచి ట్యాంకులోకి దిగే ఇనుప ఫిల్లర్ పైపులో బయటపడింది.

అన్నిటికంటే ముందు కారు కిందకు వంగి చూడండి. నేల మీద తడి కనిపించినా, చుక్కలు పడుతున్నా ఇంజిన్ స్టార్ట్ చేయవద్దు. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువైనది కాబట్టి పైకి పోకుండా నేలబారుగా పరుచుకుంటుంది. అపార్ట్‌మెంటు సెల్లార్‌లో అయితే అక్కడే నిలిచిపోతుంది. నీళ్ల మోటారు స్విచ్చు వేసినప్పుడు పుట్టే చిన్న నిప్పురవ్వ కూడా దానికి చాలు. అందుకే ఈ సంగతి తేలేవరకు కారును సెల్లార్‌లో కాకుండా ఆరుబయట నిలపండి. ఎక్కడ పెట్టినా వాసన ఘాటుగా ఉంటే మనుషులను దూరంగా పంపి 101కు ఫోన్ చేయడానికి సంకోచించవద్దు.

వాసన ఎక్కడి నుంచి వస్తోందో వెతకడానికి ముందు, అది ఎప్పుడు వస్తోందో గమనించాలి. ట్యాంకు మట్టంతో సంబంధం లేకుండా, ఇంజిన్ నడుస్తున్నప్పుడే వాసన వస్తే, పంపు నుంచి, ఇంజిన్‌లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ల దాకా ఒత్తిడితో పెట్రోలు ప్రవహించే లైనును, దాని కనెక్టర్లను, ఇంజెక్టర్ల ఓ రింగులను (లీకు కాకుండా ఆపే రబ్బరు వలయాలను) అనుమానించాలి. ఇంజెక్షన్ బళ్లలో ఆ ఒత్తిడి సాధారణంగా 3 బార్లు, అంతకు పైనే ఉంటుంది కాబట్టి అక్కడి లీకు అన్నిటికంటే ప్రమాదకరమైనది. అలాంటి బండిని నడపకుండా టోయింగ్ చేయించడమే మేలు. ఉదయం స్టార్ట్ చేసిన కొద్ది క్షణాలు సైలెన్సర్ దగ్గర మాత్రమే కాస్త వాసన వచ్చి పోతే దానికి కంగారు పడనక్కర్లేదు. మీరు చెప్పినట్టు నిండు ట్యాంకుతోనే వచ్చి, మట్టం దిగగానే పోతోందంటే, లోపం ట్యాంకు పై భాగంలో, లేదా దానికి కలిసే వాటిలో ఉందని అర్థం: ఫిల్లర్ పైపు, దాన్ని ట్యాంకుకు కలిపే రబ్బరు హోసు, పక్కనే ఉండే సన్నని గాలి గొట్టం, పంపు మూత చుట్టూ ఉండే సీలు, ఆవిరిని పట్టి ఉంచే బొగ్గు క్యానిస్టర్.

మన ఊరికి సంబంధించిన మాట ఒకటి చెప్పాలి. మల్కాపురం, శ్రీహరిపురం మీదుగా వచ్చేటప్పుడు రిఫైనరీ వాసన, ట్యాంకర్ల వాసన ఏసీ ద్వారా లోపలికి వచ్చి మనల్ని తప్పుదారి పట్టించవచ్చు. బయటి గాలి రాకుండా ఏసీని లోపలి గాలికి మార్చి, బీచ్ రోడ్డు వంటి చోట పరీక్షించుకున్నాకే ఒక నిర్ణయానికి రండి.

మా కారు లాసన్స్ బే కాలనీలో, ఆరుబయట, సముద్రపు గాలికి ఎదురుగా ఉండేది. కైలాసగిరి ఘాట్ రోడ్డులో కుడి మలుపు తిరిగినప్పుడల్లా, అంటే పెట్రోలు ఎడమ వైపుకు, మూత ఉన్న పక్కకు ఒరిగినప్పుడల్లా, వాసన పెరిగేది. మొదట చూసిన షెడ్డులో పంపు అనే అన్నారు. ఆటోనగర్‌లో అనుభవమున్న మరో మెకానిక్ వెనుక సీటు ఎత్తి, దాని కింద ఉన్న రేకు మూత తీయించి చూపించారు. పంపు చుట్టూ పేరుకున్న దుమ్ము పొడిగా, కదలకుండా ఉంది. సీలు కారుతుంటే ఆ దుమ్ము తడిసి ముదురు రంగులోకి మారి ఉండేది. ఖర్చు లేని ఈ పరీక్షను పంపు కొనేముందు మీరూ తప్పక చేయించండి, అన్ని కార్లలో కాకపోయినా చాలా కార్లలో అది వీలవుతుంది.

ఆ తర్వాత వెనుక ఎడమ చక్రం ఊడదీసి, లోపలి ప్లాస్టిక్ లైనర్ తీస్తే, ఫిల్లర్ పైపును బాడీకి బిగించిన క్లాంపు చుట్టూ ఉప్పు కలిసిన బురద గట్టిపడి ఉంది. దాన్ని గీకితే కింద తుప్పు పొరలు పొరలుగా లేచింది. రంధ్రం కంటికి ఆనలేదు గానీ, తుడిచి టాల్కమ్ పౌడరు చల్లి ట్యాంకు నింపగానే ఒకచోట పౌడరు తడిసింది. మన తీరంలో ఉప్పు గాలి బయటి పెయింటు కంటే ఇలాంటి కనిపించని మూలల్లోనే ఎక్కువ హాని చేస్తుంది. అక్కడ పేరుకున్న బురద తడిని ఆరనివ్వదు.

పైపుకు ఎపాక్సీ పూసి సరిపెడతామన్నా, వెల్డింగ్ చేస్తామన్నా ఒప్పుకోవద్దు. ఖాళీ ట్యాంకులో కూడా ఆవిరి ఉంటుంది, నిప్పు తగిలితే పేలుతుంది. పెట్రోలు బాగా తగ్గాక, బ్యాటరీ నెగటివ్ తీసి, కంపెనీ పైపును కొత్త హోసుతో, కొత్త క్లిప్పులతో కలిపి మార్చడమే సరైన మరమ్మతు. రబ్బరు హోసు పాతదే ఉంచవద్దని ప్రత్యేకంగా చెబుతున్నాను: ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వస్తోంది, దాన్ని తట్టుకునే పదార్థాలతో కార్లు తయారు కావడం 2023 ఏప్రిల్ నుంచి మొదలైంది, మీ బండి అంతకు ముందుది. కొత్త హోసు ఆ పెట్రోలుకు పనికొచ్చేదేనా అని అడిగి కొనండి.

బంకులో నాజిల్ ఆటో కట్ అయ్యాక రౌండ్ ఫిగర్ కోసం ఇంకా కొట్టించే అలవాటు ఉంటే మానేయండి. అలా ఎక్కించిన పెట్రోలు క్యానిస్టర్‌లోకి ద్రవంగానే వెళ్లి బొగ్గును తడిపేస్తుంది. తడిసిన క్యానిస్టర్ వాసన కూడా నిండు ట్యాంకు వాసనలాగే ఉంటుంది. అందుచేత పైపు మార్చిన తర్వాత ఆటో కట్ వరకే నింపి, అద్దాలు మూసి ఆరుబయట ఒక రాత్రి ఉంచి, తెల్లవారి తలుపు తీసి చూడండి. అప్పటికీ వాసన ఉంటే క్యానిస్టర్‌నూ, అందులోని ఆవిరిని ఇంజిన్‌లోకి వదిలే పర్జ్ వాల్వునూ పరీక్షించమని మెకానిక్‌కు చెప్పండి.