సియెనాకు అమ్మను తీసుకెళ్తున్న బుజ్జికి

చిరంజీవి బుజ్జిని పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

మీ అమ్మ నిన్న రాత్రి ఫోను చేసి, "అక్కా, బుజ్జి నన్ను ఇటలీ తీసుకెళ్తోంది, సియెనా అనే ఊళ్లో రెండు రాత్రులు ఉంటామట" అంది. చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయింది. ఎందుకు ఆగిందో నాకు తెలుసు కనుక అడగలేదు. మ్యూనిక్‌లో ఉద్యోగంలో చేరి ఏడాది తిరక్కుండానే అమ్మను పిలిపించుకుని ఊళ్లు చూపిస్తున్నావు. మా ఇంటి ఆడపిల్లల్లో ఆ పని చేసినదానివి నువ్వే. ఈ సంగతి మా వీధిలో కూరగాయల బండి అతనికి కూడా ఇప్పటికే తెలుసు. అంతా విని మురిసిపోతుండగా, "కారు కూడా మాట్లాడిందట" అని మీ అమ్మ చివర్లో అన్నది. అంతే, రాత్రంతా నిద్ర లేదు. తెల్లవారగానే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

పాస్‌పోర్టు, బీమా కాగితాలు, మీ అమ్మ బీపీ మాత్రలు... ఇవన్నీ నీకు నేను చెప్పాలా. చర్చిలోకి వెళ్లాలంటే భుజాలు, మోకాళ్లు కనిపించకూడదు. మీ అమ్మ చీరలో ఉంటుంది, ఆవిడకు ఇబ్బంది లేదు. నీ సంగతే చూసుకో.

ఇక కారు. ఆ కారు వద్దు బుజ్జీ. మీ పెద్దనాన్న చేసిన నిర్వాకం మీ ఇంట్లో ఎవరికీ పూర్తిగా తెలియదు. ఇక్కడ పక్క కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నట్టు నటిస్తున్నారు. నేనేం రాస్తున్నానో ఆయనకు తెలుసు. అయినా రాస్తాను.

మీ అన్నయ్య అక్కడ చదువుకునే రోజుల్లో మేము ఇటలీ వెళ్లాం కదా. అప్పుడు ఫ్లోరెన్స్‌లో కారు అద్దెకు తీసుకుని సియెనా బయల్దేరాం. రోడ్డుకు కుడిపక్కన నడపడం అలవాటైపోయిందని ఆయన ధీమా. దారంతా బాగానే సాగింది, ఒకవైపు ద్రాక్షతోటలు, మరోవైపు ఆలివ్ చెట్లు. ఊరి గోడ దగ్గరకు వచ్చేసరికి దారి చెప్పే యంత్రం తిన్నగా పొమ్మంది. అక్కడ తెల్లటి పలక మీద ఎర్రటి వలయం ఉంది, కింద ఇటాలియన్‌లో ఏదో రాసి ఉంది. ఇదేమిటండీ అని నేను అడిగాను. "లారీలకు అయ్యుంటుందిలే" అన్నారు. లోపలికి పోనిచ్చారు.

పోయేకొద్దీ వీధి సన్నబడింది. రెండు పక్కలా ఎత్తైన ఇటుక ఇళ్లు, కింద రాతిపలకలు, మలుపు తిరిగితే ఎదురుగా జనం. వాళ్లు గోడలకు అంటుకుపోయి మాకు దారి ఇస్తున్నారు, ఒక్కరి ముఖంలోనూ ప్రసన్నత లేదు. ఒకచోట హోటలు బయట వేసిన కుర్చీలు తీస్తేగాని కారు కదల్లేదు. లోపలినుంచి ఒకాయన ఏప్రానుతోనే వచ్చి, ఒక్కొక్క కుర్చీ పక్కకు పెట్టి, మా కారు అద్దం తన చేత్తో మడిచి, ముందుకు పొమ్మని వేళ్లతో సైగ చేశాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. వెనక్కి తిప్పడానికి చోటు లేదు, ఆగడానికి వీల్లేదు. ఎలాగో ఒక ద్వారం గుండా బయటపడ్డాం. అక్కడితో బుద్ధి రావాలా వద్దా? "ఇప్పుడు దారి తెలిసింది" అంటూ ఆయన ఇంకో ద్వారం గుండా మళ్లీ లోపలికి పోనిచ్చారు!

చివరికి కారు ఊరి బయట పెట్టి, ఎవరి మూతి వాళ్లు ముడుచుకుని పైకి నడిచాం. ఊరి నడిబొడ్డున ఉన్న చౌకుకు చేరేసరికి మ్యూజియం టికెట్ల కిటికీ మూసేశారు. అంత దూరం పోయి ఆ ఊళ్లో మేము చూసిందల్లా కారు పక్క అద్దం.

అసలు కథ ఇంటికి వచ్చాక మొదలైంది. కొన్ని నెలలకు అద్దె కంపెనీ వాళ్లు కార్డు నుంచి డబ్బు లాగారు. అది జరిమానా కాదు, మీ చిరునామా పోలీసులకు ఇచ్చినందుకు మా రుసుము అన్నారు. ఆ తరువాత, అనుమతి లేకుండా పాత ఊళ్లోకి కారు తెచ్చారని జరిమానా కాగితం వచ్చింది. కారు నంబరు, ద్వారం పేరు, నిమిషంతో సహా వేళ. వారం తిరక్కుండా ఇంకొకటి. కెమెరా కంట పడి దాటిన ప్రతిసారీ వేరే నేరం కిందే అప్పట్లో లెక్క వేసేవాళ్లు. విదేశాల్లో ఉన్నవాళ్లకు ఆ కాగితం పంపడానికి వాళ్లకు 360 రోజుల గడువు ఉంటుంది, కనుక నెల గడిచింది, బతికిపోయాం అనుకోవడానికి లేదు. ఆ పలకకు అడ్డంగా వ్యాను నిలబడి ఉందని మీ పెద్దనాన్న ఇప్పటికీ వాదిస్తారు. వ్యాను లేదు. నేను చూశాను.

సియెనా పాత ఊళ్లోకి కార్లు రానివ్వకుండా 1960ల మధ్యలోనే ఆపేశారు, ఇటలీలో ఆ పని ముందు చేసిన ఊళ్లలో అదొకటి. పురపాలక కార్యాలయంలో జీవితమంతా పనిచేసినదాన్ని, ఆ నిర్ణయం తీసుకున్నవాళ్లకు దణ్ణం పెడతాను. మన ఊళ్లో ఒక్క బజారులో ఆటోలు ఆపడానికి ఎంత రగడ జరిగిందో నాకు తెలుసు.

అందుకని బస్సు ఎక్కండి. ఫ్లోరెన్స్‌లో శాంతా మరియా నొవెల్లా రైల్వే స్టేషను పక్కనే బస్సుల స్టాండు ఉంది. ఊరూరా ఆగేది కాకుండా 'రాపిదా' అని ఉండే బస్సు చూసి ఎక్కితే గంటంబావుకు అటూ ఇటూగా దిగిపోతారు. రైలూ ఉంది కానీ స్టేషను కొండ కింద ఉంటుంది. బస్సయితే పియాజ్జా గ్రామ్షి దగ్గర, ఊరి ఎత్తు మీదే దింపుతుంది. రైల్లోనే వెళ్తామంటావా, స్టేషను ఎదురుగా ఉన్న భవనంలోంచి పైదాకా వరసగా కదిలే మెట్లు ఉన్నాయి, వాటి మీద వెళ్లండి. నడిచి ఎక్కుదామని మీ అమ్మ అంటుంది. వినకు.

మీ అమ్మ మాట ఎప్పుడూ వినకు, నొప్పి విషయంలో మాత్రం. నీకు తెలియదు, నువ్వు పుట్టకముందు సంగతి. అలిపిరి మెట్లు ఎక్కి కొండకు వెళ్లింది. దారి పొడవునా పిల్లలకు నీళ్లు పట్టింది, ముసలివాళ్ల సంచులు మోసింది. ఇంటికి వచ్చాక అర్ధరాత్రి వంటింట్లో ఒక్కతే కూర్చుని మోకాళ్లకు ఆముదం రాసుకుంటుంటే చూశాను. "ఎవరికీ చెప్పకక్కా" అంది. ఇప్పుడూ అంతే. సియెనా మూడు గుట్టల మీద కట్టిన ఊరు, చదునుగా ఉండే వీధి కోసం వెతుక్కోవాలి. "బాగానే ఉన్నానే, నువ్వు నడు" అంటుంది చూడు, ఆ మాట విన్నచోటే ఆగి కాఫీ తాగండి. హోటలు గది బస్సు దిగే చోటికి దగ్గరలో తీసుకో. లిఫ్టు ఉందా అని అడిగి ఊరుకోకు, గది గుమ్మం దాకా మెట్లు లేకుండా రావచ్చా అని అడుగు.

తోర్రె దెల్ మాంజా అని చౌకులో ఎత్తైన గోపురం ఉంటుంది. ఇంచుమించు 400 మెట్లు, ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకు ఒదగాలి. నువ్వు ఎక్కు, చూడవలసిందే. అమ్మ కింద కూర్చుంటుంది. నువ్వు దిగేదాకా ఆవిడ కళ్లు ఆ గోపురం మీదే ఉంటాయి కనుక పైన ఫోటోలతో పొద్దు పుచ్చకు.

కింద కూర్చోవడానికి ఆ చౌకు కంటే మంచి చోటు లేదు. పియాజ్జా దెల్ కాంపో అంటారు. నేలంతా ఇటుక పరిచి, చేటలా ఒకవైపుకు వాలుగా ఉంటుంది. తెల్లరాతి గీతలు దాన్ని తొమ్మిది భాగాలు చేస్తాయి. 1287 నుంచి 1355 వరకు ఊరిని ఏలిన తొమ్మిదిమంది సభకు అది గుర్తు. జనం ఆ వాలు మీద కాళ్లు చాపుకుని కూర్చుంటారు, డబ్బులు అడిగేవాళ్లు ఉండరు. చౌకు అంచున కుర్చీ వేసిన హోటల్లో కూర్చున్నారంటే మాత్రం కాఫీతో పాటు చౌకును కూడా బిల్లులో వేస్తాడు. ఏ సందులోనో కౌంటరు దగ్గర నిలబడి తాగితే చౌక.

ఏటా జూలై 2న, ఆగస్టు 16న అదే చౌకు చుట్టూ పాలియో గుర్రప్పందెం జరుగుతుంది. ఊళ్లో 17 పేటలు ఉంటే ఒక్కో పందేనికి పది గుర్రాలే. జీను లేకుండా మూడు చుట్లు, నిమిషంన్నరలో ముగుస్తుంది. రౌతు పడిపోయినా గుర్రం ముందు వస్తే ఆ పేటదే గెలుపు. మీరు సెప్టెంబరులో వెళ్తున్నారు కనుక నాకు బెంగ లేదు. పందెం నాడు ఆ మధ్యలో గంటల తరబడి నిలబడాలి, బయటికి వచ్చే దారి ఉండదు.

ఆ గోపురం ఉన్న భవనంలోనే తొమ్మిదిమంది సభ గది ఉంది. దాని గోడల మీద అంబ్రోజియో లోరెంజెత్తి 1338-39లో చిత్రాలు వేశాడు. ఒక గోడ మీద మంచి పాలన ఉన్న ఊరు, ఎదుటి గోడ మీద చెడ్డ పాలన ఉన్న ఊరు. మరోసారి బస్సులో వెళ్లినప్పుడు చూశాను. మంచి ఊళ్లో ఏముందో తెలుసా? మేస్త్రీలు పైకప్పు మీద గోడ కడుతున్నారు. ఒకడు చెప్పులు అమ్ముతున్నాడు. గాడిదల మీద బస్తాలు వస్తున్నాయి. వీధిలో చేయీ చేయీ పట్టుకుని నాట్యం చేస్తున్నారు. చెడ్డ ఊళ్లో కొమ్ములున్న వాడు సింహాసనం ఎక్కాడు, న్యాయదేవత కాళ్ల దగ్గర కట్లతో పడి ఉంది, పనిచేసే వాడల్లా కత్తులు చేసేవాడే. మా ఆఫీసు సమావేశాల గదిలో ఉన్నది ఒక క్యాలెండరు, ఆగిపోయిన గడియారం. తీర్మానం రాసేటప్పుడు తలెత్తితే అలాంటి బొమ్మ కనిపించి ఉంటే, కొందరు సంతకం పెట్టేముందు కాస్త ఆలోచించేవాళ్లేమో. లోపలికి టికెట్టు కొనేముందు మాత్రం ఆ గది తెరిచి ఉందో లేదో కనుక్కో, మరమ్మతులంటూ అప్పుడప్పుడు మూస్తుంటారు.

ఆ బొమ్మలు వేసిన పదేళ్లలోపే, 1348లో, ప్లేగు వచ్చింది. పెద్ద చర్చిని ఇంకా పెద్దది చెయ్యాలని 1339లో మొదలుపెట్టిన కట్టడం అలాగే ఆగిపోయింది. చర్చి పక్కన ఆకాశంలోకి లేచి వెనకాల ఏమీ లేని ఒంటరి గోడ కనిపిస్తే, అదే. అది మీ అమ్మకు చూపించు.

చర్చి లోపల నేల చూడకుండా రావద్దు. రంగురంగుల పాలరాతి ముక్కలు పొదిగి, గీతలు చెక్కి, 56 బొమ్మలు నేలంతా పరిచారు. తొక్కి పాడుచేస్తారని ఏడాదిలో ఎక్కువ రోజులు కప్పి ఉంచుతారు. సాధారణంగా ఆగస్టు మధ్య నుంచి అక్టోబరు వరకు తెరుస్తారు, నీకు తెలియకుండానే మంచి రోజులు ఎంచుకున్నావు. ధనుర్మాసంలో మీ అమ్మ నడిరోడ్డు దాకా ముగ్గు పెట్టి, పాలవాడి సైకిలు పడకుండా కాపలా కాసేది. ఆవిడను అక్కడ తొందరపెట్టకు. ఒక్కో బొమ్మ దగ్గర నిలబడి, చుక్కలు ఎక్కడ మొదలుపెట్టాడో అని వెతుక్కుంటుంది.

శాన్ దొమెనికో చర్చిలో సెయింట్ కేథరిన్ తల భద్రపరిచి ఉంది, నిజమైన తల. దేహం రోమ్‌లో ఉంది. 1347లో ఆ ఊళ్లోనే ఒక అద్దకంవాడి ఇంట పుట్టింది ఆ తల్లి. మీ అమ్మకు ముందే చెప్పు, ఉన్నట్టుండి చూస్తే ఆ రాత్రి లైటు తియ్యనివ్వదు.

తిండి దగ్గర జాగ్రత్త. కూరగాయల సూపు అంటారు, అందులో మాంసం ఉడికిన నీళ్లు పోస్తారు. 'సెన్జా కార్నే, బ్రోదో వెజెతాలే', అంటే మాంసం లేకుండా, కూరగాయలు ఉడికిన నీళ్లతో అని, రాసుకుని చూపించు. పీచీ అని లావుపాటి సేమియా ఉంటుంది, వెల్లుల్లి టమాటా గుజ్జుతో చేసిందయితే మీ అమ్మ తింటుంది. గుడ్డు కలిపారేమో అడుగు. రొట్టెలో ఉప్పు ఉండదు, అది వాళ్ల పద్ధతి, వంటవాడితో గొడవ పెట్టుకోకండి. ఆవకాయ సీసా సూట్‌కేసులో ఎలాగూ ఉంటుంది. బిల్లులో 'కోపెర్తో' అని తలకింత ఉంటే అది మోసం కాదు, కూర్చున్నందుకు. మధ్యాహ్నం దాటితే వంటిళ్లు మూస్తారు, రాత్రి ఏడున్నరకు గాని తెరవరు, కనుక మీ అమ్మ సంచిలో అరటిపళ్లు పెట్టు. షుగరు లేదు కదా అని ఆవిడను పస్తుంచకు.

ఖర్చు లెక్క ఆవిడకు చెప్పకు. రూపాయల్లోకి మార్చి చూసుకుందంటే మంచినీళ్లు కూడా ముట్టదు.

వచ్చేటప్పుడు నాకు పాన్‌ఫోర్తే తీసుకురా. బాదంపప్పు, తేనె, చక్కెరలో ఊరబెట్టిన పళ్లు, దాల్చినచెక్క, లవంగం వేసి చేస్తారు, గుడ్డు ఉండదు. రిచ్చారెల్లీ అని మెత్తటి బాదం బిళ్లలు కూడా చూపిస్తారు, వాటిలో గుడ్డు తెల్లసొన వేస్తారు, అవి నువ్వు తిను. పాన్‌ఫోర్తే పెద్ద చక్రం కొనకు, కోసి ఇచ్చే చిన్న ముక్క చాలు. మీ పెద్దనాన్నకు షుగరు మొన్న మళ్లీ పెరిగింది. ఆయన ఎదుట సంచి విప్పవద్దని మీ అమ్మతో గట్టిగా చెప్పి పంపు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ