చక్రాల నుంచి మంచు మీదికి: మేనకోడలికి ఒక లేఖ

అనంతపురం

చిరంజీవి మేనకోడలికి,

అత్తయ్య దీవెనలు. ఆరేళ్లుగా సిమెంటు నేల మీద చక్రాల బూట్లతో సాధన చేసిన నువ్వు, ఇప్పుడు గురుగ్రామ్ వెళ్లి మంచు మీద ఫిగర్ స్కేటింగ్ నేర్చుకుంటానని పట్టుబట్టావని మీ నాన్న చెప్పాడు. చక్రాల మీదే ఉండిపోయినా అది చిన్నతనమేమీ కాదు. హైదరాబాదు వాడైన అనూప్ కుమార్ యామా 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో చక్రాల మీదనే రెండు కాంస్య పతకాలు సాధించాడు. అయినా నీ మనసు మంచు మీద ఉంది, మన ఊళ్లో మంచు రింకు లేదు, కాబట్టి వెళ్లు. తొందర మాత్రం పడకు.

సీనియర్ పోటీలకు కనీస వయసును 15 నుంచి 17 ఏళ్లకు పెంచాలని అంతర్జాతీయ స్కేటింగ్ యూనియన్ 2022లో నిర్ణయించింది. నీకిప్పుడు 13. చేతిలో ఉన్న ఈ నాలుగేళ్లనూ మూడు చుట్ల జంపుల కోసం వెంపర్లాడటంలో కాక, అంచుల మీద ఖర్చు పెట్టు. బ్లేడు అడుగున నడిమధ్య సన్నని గాడి, దానికి అటూ ఇటూ రెండు అంచులు ఉంటాయి. లట్జ్, ఫ్లిప్ అనే రెండు జంపులూ వెనక్కి జారుతూ, రెండో కాలి బ్లేడు ముందున్న పళ్లను మంచులో గుచ్చి ఎగిరేవే. లట్జ్‌కు బయటి అంచు, ఫ్లిప్‌కు లోపలి అంచు కావాలి. లట్జ్‌లో ఎగిరే క్షణాన పాదం లోపలికి ఒరిగిందంటే, చూసేవాళ్లు చప్పట్లు కొట్టినా, సాంకేతిక బృందం వీడియోను నెమ్మదిగా తిప్పి చూసి తప్పు పట్టుకుంటుంది, మార్కులు తెగుతాయి. చక్రాల మీద నీకు అబ్బిన తిరుగుడు ఇక్కడా పనికొస్తుంది గానీ, అంచును మాత్రం ఓనమాల నుంచి దిద్దుకోవలసిందే.

బూట్ల విషయంలో మన ఇళ్లలో ఒక అలవాటుంది: పెరిగే కాలు కదా అని ఒక సైజు పెద్దది కొంటారు. బడి చెప్పులకు అది సరిపోతుంది, స్కేటింగుకు సరిపోదు. నీ వయసులో నేను మడమ లోపల కదిలే బూట్లతో పోటీకి దిగి చీలమండ బెణికించుకున్నాను. అప్పటి మా కోచ్ గట్టిగా కట్టు కట్టి మళ్లీ దూకమంటే దూకి, ఆ ఏడాది పోటీలన్నీ పోగొట్టుకున్నాను. వాన మబ్బు పట్టిందంటే ఆ కాలు ఇప్పటికీ నాకు ముందే చెబుతుంది. (మన జిల్లాలో దానికి పని తక్కువే అనుకో.)

ఇంకొక మాట. ఒళ్లు తేలికైతే జంపు ఎత్తుగా వస్తుందని అక్కడ ఎవరైనా తిండి తగ్గించమంటే వినకు. ఎదిగే వయసులో కడుపు మాడ్చుకుంటే ఎముకలు బలహీనపడి, పగుళ్లు వస్తాయి. రాగి సంగటి అక్కడ దొరకకపోవచ్చు, పప్పూ గుడ్డూ పాలూ దొరుకుతాయి. నెలసరి తప్పితే దాచుకోకుండా మీ అమ్మకు చెప్పి డాక్టరు దగ్గరికి వెళ్లు.

ఈ ఆటలో గెలుపు డబ్బు మీద బతికేవాళ్లు కొద్దిమందే. ఎక్కువమంది తర్వాత కోచ్‌లుగానో, మంచు ప్రదర్శనల్లోనో స్థిరపడతారు. అందుకే పదో తరగతి పరీక్ష మానవద్దు.

బూట్లు నేను కొనిపెడతాను. ఆదివారం సాయంత్రం, రోజంతా నడిచి పాదాలు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, నువ్వు రోజూ వేసుకునే పలుచని మేజోళ్లతో తెల్ల కాగితం మీద నిలబడు. రెండు పాదాల చుట్టూ మీ నాన్నతో గీయించి పంపు. ఒకటే గీసి రెండోదీ అంతేనని అంటాడు, ఒప్పుకోకు.

మీ అత్తయ్య