18 అంగుళాల టైర్లు వేశాక ముందు 13 పళ్ళ స్ప్రాకెట్ కూడా వేయాలా?

ప్రశ్నలో ఉన్న బండి 450 సీసీ స్పోర్ట్ క్వాడ్, అంటే నాలుగు చక్రాల ఆఫ్‌రోడ్ బండి. చైను ఎక్కి తిరిగే పళ్ళ చక్రాలకి (స్ప్రాకెట్లకి) ముందు 14 పళ్ళు, వెనక 38. వెనక 20 అంగుళాల టైర్లు తీసి 18 వేశారు. మలుపులోంచి బయటపడేటప్పుడు పికప్ కావాలి కాబట్టి ముందు 13 వేయాలా, వెనక 41 వేయాలా అని సందేహం. రెండూ వద్దు. టైర్లు మార్చిన రోజే మీ గేరింగ్ (ఇంజిన్ ఎంత తిరిగితే బండి ఎంత దూరం వెళ్తుందన్న లెక్క) మారిపోయింది.

లెక్క చూడండి. 38ని 14తో భాగిస్తే 2.714. టైరు వ్యాసం 20 నుంచి 18కి దిగితే అదే బండి పాత టైర్ల మీద 3.016తో నడిచినట్టే, అంటే వెనక 42 పళ్ళు వేసినంత. దాని మీద ముందు 13 కూడా వేస్తే 3.248కి చేరుతుంది. అదే ఆర్‌పీఎమ్ దగ్గర ఇదివరకు 100 కిలోమీటర్లు వెళ్ళే బండి 84 దాటదు. ప్రతి గేరూ అంతే పొట్టిదవుతుంది, అంటే తక్కువ వేగానికే అయిపోతుంది; మొదటి గేరు దాదాపు పనికి రాకుండా పోతుంది. ముందు 13 వేసినా వెనక 41 వేసినా తేడా దాదాపు ఏమీ లేదు: ఒకటి 2.923, రెండోది 2.929. ముందు ఒక పన్ను వెనక సుమారు మూడు పళ్ళకు సమానం.

టైరు మీద రాసి ఉన్న అంకెను మాత్రం నమ్మవద్దు. ఈ బండ్ల వెనక టైర్లలో గాలి 4, 5 పీఎస్‌ఐ దగ్గరే ఉంటుంది కాబట్టి బరువుకి బాగా కుంగుతాయి. ఒకే సైజని రాసి ఉన్నా కంపెనీని బట్టి కొలత మారుతుంది. మీరు నడిపే గాలే ఉంచి, నడిపే మనిషిని కూర్చోబెట్టి, టైరుకీ నేలకీ చాక్‌పీసుతో గీత పెట్టి, చక్రం సరిగ్గా ఒక చుట్టు తిరిగేదాకా తోయండి. నేల మీద కొలిచిన దూరమే అసలు లెక్క. వెనక రెండు టైర్లకీ విడివిడిగా కొలవాలి. ఇరుసు ఒకటే, డిఫరెన్షియల్ (రెండు చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే ఏర్పాటు) ఉండదు కాబట్టి రెండింటికీ తేడా ఉంటే బండి తిన్నని దారిలోనూ ఒక పక్కకి లాగుతుంది. దానికి హ్యాండిల్‌ని తప్పుపట్టేవాళ్ళు చాలామంది.

ఇప్పుడు మలుపు సంగతి. మీ ట్రాక్‌లో అన్నిటికన్నా నెమ్మదైన మలుపు ఒక్కటే తీసుకోండి. బయటికి వస్తూ రెండో గేరులో ఉంటే ఇంజిన్ అరిచి లిమిటర్‌కి (ఆర్‌పీఎమ్ హద్దు దాటనివ్వని ఏర్పాటుకి) తగులుతోందా? మూడులో ఉంటే గొంతు నొక్కినట్టు మూలుగుతూ, క్లచ్ జారిస్తే గానీ లేవడం లేదా? అలాగైతే మూడో గేరు కాస్త పొట్టిగా కావాలి, వెనక ఒకటి రెండు పళ్ళు పెంచితే సరిపోతుంది. 14/39 అంటే 2.6 శాతం, 14/40 అంటే 5.3 శాతం. అలా కాక మలుపు మధ్యలోనే రెండు నుంచి మూడుకి మార్చాల్సి వస్తోందంటే ఇప్పటికే అతిగా పొట్టి చేశారు, ముందు 15 వేయాలి. 18 టైర్ల మీద 15/38 వేస్తే, 20 టైర్ల మీద 14/38తో పోలిస్తే 3.7 శాతమే పొట్టి. మీ బండికి నేను మొదట వేసి చూడమనేది ఇదే. కాకపోతే 15 పళ్ళ స్ప్రాకెట్ మీద చైను ఇంజిన్ కేసుకి తగలకుండా తిరుగుతోందో లేదో చేత్తో తిప్పి చూడాలి, కొన్ని బండ్లలో చోటు చాలదు. స్ప్రాకెట్ అన్ని గేర్లనీ ఒకే పాళ్ళలో జరుపుతుందే తప్ప రెండుకీ మూడుకీ మధ్య ఖాళీని పూడ్చలేదు. ఈ ఒక్క సంగతి తెలియక సెట్ తర్వాత సెట్ కొంటుంటారు.

ఎవరో ఫలానా అంకె వేశారని అదే వేయడం నాకు అసలు నచ్చదు. యమహా బాన్షీకి కంపెనీ ఇచ్చింది 14/41, అదే యమహా రాప్టర్ 700కి 14/38. మొదటిది పై ఆర్‌పీఎమ్‌లోనే ఊపందుకునే టూ స్ట్రోక్, ఆరు గేర్లు. రెండోది కింద నుంచే లాగే 686 సీసీ సింగిల్, అయిదు గేర్లు. ఒకదాని అంకె రెండోదానికి ఎందుకు పనికొస్తుంది? ఇసుక తిన్నెల మీద పద్ధతి ఇంకో రకం. పాడిల్ టైర్లు (ఇసుకను తోసే తెడ్ల లాంటి పట్టీలున్నవి) బరువుగా లాగుతాయి కాబట్టి గేరింగ్ పొట్టి చేయాలన్నది నిజమే. కానీ ఎక్కేటప్పుడు ఒక్కసారి గేరు మార్చినా వేగం చచ్చిపోతుంది. తిన్నె మొత్తం ఒకే గేరులో ఎక్కగలిగేలా చూసుకోవాలి.

ముందు స్ప్రాకెట్‌ని చిన్నది చేయడం చవకే, కానీ ఆ భారం చైను మోస్తుంది. పళ్ళు తగ్గేకొద్దీ లింకు ఎక్కువగా మడత పడుతుంది, చైను కుదుపూ పెరుగుతుంది. 14 పళ్ళ మీద చైను వేగం దాదాపు 2.5 శాతం ఊగుతుంది, 12 మీద 3.4, 11 మీద 4. పైగా చైను కిందికి దిగి స్వింగార్మ్ (వెనక ఇరుసును మోస్తూ పైకీ కిందికీ ఊగే చేయి) మీది స్లైడర్‌ని, అంటే చైను రాసుకునే రక్షణ పట్టీని, కోసేస్తుంది. 12 కన్నా కిందికి వెళ్ళవద్దు. వెనకది పెంచితే చిక్కు వేరు: 38 నుంచి 42కి వెళ్తే వ్యాసం 20 మిల్లీమీటర్లు పెరుగుతుంది, అంటే స్ప్రాకెట్ నేలకి ఒక సెంటీమీటరు దగ్గరవుతుంది. 18 టైర్ల మీద, గాడులూ రాళ్ళూ ఉన్నచోట పళ్ళు వంగడానికి అది చాలు. కింద స్కిడ్ ప్లేటు లేకుండా ఆ పని చేయవద్దు.

బిగించేటప్పుడు చైను తీయకముందే, వెనక బ్రేకు తొక్కి పట్టి, ముందు స్ప్రాకెట్ నట్టు వదులు చేయండి. మడిచిన లాక్ వాషరు ఉంటే కొత్తది వేయాలి. 520 సైజు చైనులో పిచ్ (ఒక పిన్ను నుంచి పక్క పిన్నుకి దూరం) 15.875 మిల్లీమీటర్లు. వెనక రెండు పళ్ళు పెంచితే అదే చైనుకి ఇరుసు సుమారు 8 మిల్లీమీటర్లు ముందుకి రావాలి. ముందు ఒకటి పెంచితే సుమారు 4. క్యారియర్‌లో (ఇరుసును పట్టి ఉంచే భాగంలో) అంత జాగా లేకపోతే చైను మార్చక తప్పదు. 20 పిచ్‌ల పొడవు కొత్త చైనులో 317.5 మిల్లీమీటర్లు. అది 321కి వచ్చిన చైనుని కొత్త స్ప్రాకెట్ల మీద వేస్తే కొత్త పళ్ళని కొద్దిరోజుల్లోనే కొక్కేల్లా అరగదీస్తుంది.

చైను వదులు స్టాండు మీద చూసి సరిపెట్టవద్దు. రాట్చెట్ స్ట్రాప్‌తో వెనక భాగాన్ని కిందికి లాగి, ముందు స్ప్రాకెట్, స్వింగార్మ్ పివట్, ఇరుసు మూడూ ఒకే గీతలోకి తేవాలి. చైను అక్కడే అన్నిటికన్నా బిగుతుగా ఉంటుంది. అక్కడ కొద్దిపాటి వదులు ఉండేలా క్యారియర్ తిప్పి, దాన్ని బిగించి పట్టే పించ్ బోల్టులు మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కి బిగించండి. స్ట్రాప్ తీశాక మామూలు ఎత్తులో వచ్చే కొలత రాసి పెట్టుకుంటే తర్వాత అదే చూసుకోవచ్చు. మాస్టర్ లింకు (చైను రెండు కొసలనీ కలిపే లింకు) క్లిప్పు మూసి ఉన్న కొస చైను తిరిగే దిశకే ఉండాలి. మొదటి రైడ్ కాగానే వెనక స్ప్రాకెట్ బోల్టులూ చైను వదులూ మళ్ళీ చూడాలి.