అమ్మానాన్నలకు ఇంగ్లీషు రాకపోతే పిల్లలు వెనకబడిపోతారా?

మీరిద్దరూ ఏడో తరగతితో చదువు ఆపేశామన్నారు. పాప ఇంగ్లీషు మీడియంలో రెండో తరగతి. మీ చదువు తనకు అడ్డమవుతుందా అని మీ ప్రశ్న.

కొంత అవుతుంది. డిగ్రీ చదివిన ఇంట్లో డైరీ చూసేవాళ్లుంటారు, తప్పు చదివితే అక్కడే ఆపేవాళ్లుంటారు, బడికెళ్లి టీచర్ని గట్టిగా అడిగే చొరవ ఉంటుంది. వీటిలో ఇంగ్లీషు లేకుండా జరగనిది తప్పు దిద్దడం ఒక్కటే. డైరీ మీద ఫోన్‌లో గూగుల్ లెన్స్ పెడితే తెలుగులో చూపిస్తుంది. మనం మాట్లాడే తెలుగులా ఉండదు గానీ, ఏ పేజీ రాయమన్నారో తెలుస్తుంది.

ఇంగ్లీషు రాని అమ్మ ఎక్కువగా మోసపోయేది బట్టీ దగ్గర. పాప పాఠమంతా గడగడా అప్పజెబుతుంటే చదువు వచ్చేసిందనుకుంటాం. నిజం తేల్చడానికి మీకు ఇంగ్లీషు అక్కర్లేదు. నాలుగో లైను మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి "ఇదేంటి?" అనండి. బట్టీ పట్టిన పిల్ల మొదటి లైను నుంచి పాడుకుంటూ వస్తే గానీ ఆ మాట చెప్పలేదు. తర్వాత అదే లైను చివరి నుంచి వెనక్కి ఒక్కో మాటా చదివించండి. ఆఖరికి పుస్తకం మూసి, పాఠంలో ఏం జరిగిందో తెలుగులో చెప్పమనండి. పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి పిల్లల చదువు పరీక్షించే అసర్ సర్వేవాళ్లు కూడా ఇంగ్లీషు మాట చదివించి ఊరుకోరు, దాని అర్థం అడుగుతారు.

బట్టీ అని తేలితే తప్పు పాపది కాదు, నేర్పిన వరసది. తెలుగులో "క" పేరూ, పలుకూ ఒకటే. అదే అలవాటుతో మనం ఇంగ్లీషునూ అక్షరాల పేర్లతో మొదలుపెడతాం. "బీ, ఏ, టీ" అని ఎంత వేగంగా అన్నా "బ్యాట్" రాదు. అందుకే పలుకులతో మొదలుపెట్టాలి. ముందు ఆరే అక్షరాలు: ఎస్, ఏ, టీ, పీ, ఐ, ఎన్. అట్టముక్కల మీద చిన్నబడి అక్షరాలు (స్మాల్ లెటర్స్) రాసి పెట్టుకుంటే ట్యాప్, పిన్, టిన్, న్యాప్ లాంటి మాటలు కూర్చొచ్చు. రోజుకు నాలుగు మాటలు, పావుగంట, అంతే. ఇక్కడ మన నోరు చేసే తప్పొకటి ఉంది: చివర "ఉ" తగిలిస్తాం. బస్సు, కారు అనడం తెలుగులో సరైనదే. కానీ అక్షరాలు కలిపేటప్పుడు "పు, ఇ, ను" అంటే వచ్చేది "పిను". "ప్, న్" అని పొల్లుగా పలకాలి. మీకు అనుమానంగా ఉంటే ఆ ఆరు పలుకులూ టీచరుతో ఫోన్‌లో రికార్డు చేయించుకోండి, రెండు నిమిషాల పని.

ఇంకో పొరపాటు, తెలుగు చదవడం వచ్చిన తల్లిదండ్రులు ప్రేమతో చేసేది: ఇంగ్లీషు మాట పైన ఉచ్చారణ తెలుగులో రాసిపెట్టడం. పిల్ల కళ్లు తెలుగు మీదే ఉంటాయి, కింద ఇంగ్లీషు చూడనే చూడదు. రాయాలనిపిస్తే అర్థం రాయండి, అదీ పెన్సిల్‌తో. రెండు రోజుల తర్వాత చెరిపేయండి.

బాగా చదువుకున్న ఇళ్లూ సుఖంగా ఏం లేవు. "వాటర్ తాగు, హ్యాండ్స్ వాష్ చెయ్" అని రోజంతా అంటే పేర్లొస్తాయి గానీ వాక్యం రాదు. చుట్టాలొస్తే "రైమ్ చెప్పమ్మా" అని నిలబెట్టి, అందరి ముందు దిద్దుతారు. ఆ తర్వాత పిల్ల ఇంగ్లీషులో నోరే విప్పదు.

మీ చేతిలో ఉన్నది తెలుగు, దాన్ని వదలకండి. తెలుగులో తెలిసిన విషయానికి ఇంగ్లీషు మాట తగిలించడం తేలిక, విషయమే తెలియకపోతే రెండు భారాలు. ప్రభుత్వ బడుల్లో ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి, తెలంగాణలో 2022-23 నుంచి ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషుగా పుస్తకాలొచ్చాయి. రేపటి లెక్కల పాఠమో, పరిసరాల పాఠమో ఈ రాత్రి తెలుగు పేజీలో మీరే చదివి వినిపించండి. మీది ప్రైవేటు బడైతే కథలకు స్టోరీవీవర్ వెబ్‌సైట్ ఉంది. ప్రథమ్ బుక్స్‌వాళ్లది, ఉచితం, తెలుగు-ఇంగ్లీషు కలిసిన పుస్తకాలూ దొరుకుతాయి.

ఈసారి పేరెంట్స్ మీటింగ్‌కి వెళ్తే మార్కులు అడక్కండి. "మా పాప చూడని పేజీ ఒకటి తెరిచి, నా ముందు చదివించండి" అని అడగండి.