అక్షరాలు గీసే పిల్లకు బతుకుదెరువు ఉంటుందా?

కడప నుంచి ఒక తండ్రి రాశారు: "మా పాప ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. ఎప్పుడు చూసినా బ్రష్‌తో మొరటు అక్షరాలు గీస్తూ, ఫాంట్లు చేస్తానంటుంది. కోపమొచ్చి ఆ నోటుబుక్కు అటక మీద పడేశాను. సీఎస్‌ఈ మేలా, ఫైన్ ఆర్ట్స్ మేలా?"

అన్నా, ఈ ప్రశ్న నాకు ఏటా వస్తుంది, ఫాంట్ల బదులు డ్యాన్సో వంటో ఉంటుంది, అంతే. మీ టెన్షన్ కోర్సు గురించి కాదు, రేపు పాప ఖాళీగా కూర్చుంటే చుట్టాలకు ఏం చెప్పాలా అని. ఆ భయంలో నోటుబుక్కు లాక్కోవడం మాత్రం తప్పు, మొహమాటం లేకుండా చెబుతున్నా.

గూగుల్ ఫాంట్స్‌లో 'లక్కి రెడ్డి' అని తెలుగు ఫాంట్ ఒకటుంది, చేత్తో గీసినట్టు గరుగ్గా, పోస్టర్లకూ హెడ్డింగులకూ సరిపోయే రకం. ఉచితమే. అందులో 'స్త్రీ' అని టైప్ చేసి బాగా పెద్దది చేసి చూడండి. స, దాని మీద గుడిదీర్ఘం, కింద త ఒత్తు, ర ఒత్తు, ఇవన్నీ ఒకదాన్నొకటి గుద్దుకోకూడదు, కింది లైనుకు తగలకూడదు. 'గబగబ' అని రాస్తే రెండు గ-లకూ ఒకే చోట ఒకే గీరు ఉంటే అది చేతిరాత కాదని కన్ను వెంటనే పట్టేస్తుంది, అందుకే ఓపికున్నవాళ్లు ఒక్కో అక్షరాన్ని రెండు మూడు రకాలుగా గీస్తారు. ఇంగ్లీషులో పెద్దవి 26, చిన్నవి 26 గీస్తే చాలావరకు అయిపోతుంది, మనకు గుణింతాలూ ఒత్తులూ కలిపి వందల ముక్కలు, ఏది ఎక్కడ కూర్చోవాలో చెప్పే ఓపెన్‌టైప్ రూల్స్ వేరే. ఇది పిచ్చిగీతల పని కాదన్నా.

నాకు అసలు అనుమానం బెంగళూరు ప్రైవేటు కాలేజీల బీడిజైన్ (డిజైన్ డిగ్రీ) మీద. ఇప్పుడదే ఫ్యాషన్. లక్షలకు లక్షలు కట్టి వచ్చిన పిల్లల పోర్ట్‌ఫోలియోలు చూశాను, అన్నీ ఇంగ్లీషు లోగోలూ యాప్ స్క్రీన్లూ, తెలుగక్షరం ఒక్కటీ ఉండదు. అక్కడ తెలుగు లిపి నేర్పేవాళ్లెవరో అడక్కుండా అప్పు చేయొద్దు. 2020లో పెట్టిన వైఎస్సార్ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ మీ ఊళ్లోనే ఉంది, ముందు అక్కడికెళ్లి చూడండి.

డబ్బు సంగతి దాచను. మీ కడప ఏడు రోడ్ల కూడలి దగ్గర ఫ్లెక్సీలు చూడండి, పెళ్లికైనా పుట్టినరోజుకైనా అవే నాలుగు ఫాంట్లు, కొత్తది కొనే షాపు నాకింతవరకూ కనబడలేదు. తెలుగు ఫాంట్ల మీదే బతికేవాళ్లు తక్కువ. ప్యాకింగ్, సినిమా టైటిళ్లు, బ్రాండ్ల పని చేస్తూ మధ్యలో ఫాంట్లు గీస్తారు, ఆ పనుల్లో అక్షరం తెలిసిన చెయ్యికి విలువుంది. సీఎస్‌ఈ చేరినా ఇది వృథా కాదు, ఫాంట్ల పనిలో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష కూడా వాడతారు. అందుకే దిగులు పడొద్దు, ఏ దారిలో వెళ్లినా పాప రోడ్డున పడదు.

ఈ సెలవుల్లో ఫాంట్లు తయారుచేసే ఫాంట్‌ఫోర్జ్ సాఫ్ట్‌వేర్ కంప్యూటర్లో వేసివ్వండి, అదీ ఉచితమే. గుణింతాల దగ్గరే విసుగొస్తే సీఎస్‌ఈలో చేర్పించండి. ఒత్తులు కూడా గీసి ఇంకా కూర్చునే ఉంటే ఫైన్ ఆర్ట్స్‌కు అడ్డు చెప్పొద్దు. ముందు ఆ నోటుబుక్కు అటక మీద నుంచి దించి, మీ చేత్తోనే పాపకివ్వండి.