ఇంట్లో లసాన్యా: ఏది మార్చవచ్చు, ఏది మార్చకూడదు

అమెరికాకు కొత్తగా వచ్చిన తెలుగు కుటుంబాలవారు వంటల విషయంలో నన్ను తరచుగా అడిగే సందేహం ఒకటుంది. పిల్లలు స్నేహితుల ఇళ్ళలో తిని వచ్చి లసాన్యా, అంటే వెడల్పాటి పాస్తా రేకుల మధ్య సాసు, చీజ్ పొరలుగా పేర్చి ఓవెన్‌లో కాల్చే ఇటాలియన్ వంటకం, కావాలని మారాం చేస్తున్నారనీ, బయట తిందామంటే గొడ్డు మాంసం కలిసి ఉంటుందేమోనన్న భయమనీ, అది లేకపోయినా నోటికి చప్పగా తగులుతుందనీ, కాబట్టి ఇంట్లోనే మన రుచికి మార్చి చేసుకుంటే తప్పవుతుందా అనీ వారు అడుగుతారు. న్యూజెర్సీలో ఇరవై రెండేళ్ళుగా ఇటాలియన్ మూలాలున్న కుటుంబాల మధ్య కాపురం చేస్తున్నదాన్ని కనుక నాకు తెలిసిన జవాబు చెబుతాను. మార్చుకోవచ్చు. కాకపోతే ఏ పదార్థం అందులో ఏ పని చేస్తున్నదో తెలుసుకున్న తరువాతే మార్చాలి. కారం, మసాలా, మాంసం మీ ఇష్టానికి వదిలేస్తాను గానీ, తడి లెక్కను, ఓవెన్ నుంచి తీశాక ఆగవలసిన సమయాన్ని మాత్రం మార్చవద్దని గట్టిగా చెబుతాను.

పేరు దగ్గరే చాలామంది తడబడతారు. ఇంగ్లీషు అక్షరాలను చూసి 'లసాగ్నా' అని చదువుతారు గానీ అందులో 'గ' పలకదు. ఇటలీవారు లసాన్యా అంటారు, ఇక్కడివారి నోట అది లజాన్యా అయింది.

నాకు ఈ వంటకంతో పరిచయం పురిటి మంచం మీద జరిగింది. మా అబ్బాయి పుట్టిన రెండో వారంలో పక్కింటి పెద్దావిడ తలుపు కొట్టి, మీరు ఏమి తినరో ముందు చెప్పండి అని అడిగి వెళ్ళి, మరునాడు పాలకూర, రికోటా అనే మెత్తని తాజా చీజ్ వేసి చేసిన లసాన్యాను పెద్ద గాజు పళ్ళెంలో తెచ్చి ఇచ్చారు. బిడ్డ పుట్టిన ఇంటికీ, మనిషి పోయిన ఇంటికీ ఇలా లసాన్యా పట్టుకెళ్ళడం ఇక్కడ పాత అలవాటు. ఒక పళ్ళెం చేస్తే ఎనిమిది మందికి సరిపోతుంది, ముక్కలు చేసి ఫ్రీజర్‌లో పెడితే రెండు మూడు నెలలు నిలవ ఉంటుంది. తెనాలి నుంచి పురుడు పోయడానికి వచ్చిన మా అమ్మ ఒక ముక్క రుచి చూసి, "బాగానే ఉందే గానీ, తాలింపు మరిచిపోయినట్టుంది" అన్నది. అయినా తెచ్చిన గిన్నెను ఖాళీగా తిరిగి ఇవ్వకూడదని ఆ పళ్ళెం నిండా పులిహోర పెట్టి పంపింది.

ఆ మరుసటి నెలలో నేను సొంతంగా మొదలుపెట్టాను. మన ఇళ్ళలో చాలామందిలాగే నేను కూడా ఓవెన్‌ను మూకుళ్ళు, పెనాలు దాచుకునే బీరువాగా వాడేదాన్ని. ఆ సంగతి మరిచి వేడికి పెట్టేసరికి మూకుడు ప్లాస్టిక్ పిడి కరిగి ఇల్లంతా పొగ కమ్మి, పొగ అలారం మోత మొదలైంది. కొత్తవారు ముందుగా ఓవెన్ తలుపు తీసి లోపల ఏముందో చూసుకోవాలని అందుకే చెబుతున్నాను. వంట సంగతికి వస్తే, ఖీమాలో అల్లం వెల్లుల్లి ముద్ద, ధనియాల పొడి, పసుపు, గరం మసాలా, కరివేపాకు వేసి, మధ్యలో రేకులు పరిచి, పైన చీజ్ చల్లి కాల్చాను. తినేవారికి అది చీజ్ కప్పిన ఖీమా కూరలా ఉంది. ధనియాల పొడి, పసుపు టొమాటోలోని పులుపును మింగేశాయి. పాల మెత్తదనం మీద గరం మసాలా ఘాటు అతకలేదు. ఒకటి రెండుసార్లు వారి పద్ధతిలోనే చేసి, నాలుక దానికి అలవాటుపడ్డాక ఏది తక్కువైందో చూసుకొని ఉంటే ఆ అరకిలో ఖీమా వృథా అయ్యేది కాదు.

ఇంతకీ వారి పద్ధతి అనేది ఏది? ఇటలీ ఉత్తరాన బొలోన్యా నగరంలో చేసే లసాన్యాలో పాలకూర కలిపిన పచ్చని రేకులు, రాగూ అనే నిదానంగా ఉడికిన మాంసపు కూర, వెన్నలో మైదా వేయించి పాలు పోసి కాచిన బెషమెల్, పార్మిజానో చీజ్ ఉంటాయి. రికోటా గానీ, కరిగితే తీగలా సాగే మొజరెల్లా చీజ్ గానీ ఉండవు. దక్షిణాన నేపుల్స్‌లో ఉపవాస దినాలకు ముందు వచ్చే కార్నివాల్ పండుగకు చేసే లసాన్యాలో రికోటా, చిన్న చిన్న మాంసపు ఉండలు, పంది మాంసంతో చేసే సాసేజి, ఉడికించిన కోడిగుడ్ల ముక్కలు కూడా వేస్తారు. పంతొమ్మిదో శతాబ్ది చివర నుంచి అమెరికాకు వలస వచ్చిన ఇటాలియన్లలో అత్యధికులు దక్షిణాదివారు కావడం వల్ల ఇక్కడి లసాన్యా రికోటా, మొజరెల్లాలతో బరువెక్కింది. అంటే మన పిల్లలు అసలు లసాన్యా అనుకుంటున్నదే, వలస వచ్చిన ఇల్లాళ్ళు దొరికిన సరుకులతో మార్చుకున్న వంట. ఆ మాటకొస్తే బొలోన్యావారు రాగూ తయారీ విధానాన్ని 1982 అక్టోబరు 17న తమ నగర వాణిజ్య మండలిలో అధికారికంగా నమోదు చేయించారు, 2023లో దానినే సవరించి మళ్ళీ నమోదు చేయించారు. పుట్టింటివారే మార్చుకున్నప్పుడు మనం మొహమాటపడనక్కరలేదు.

ఇక కొలతలు. 23 × 33 సెంటీమీటర్ల పళ్ళేనికి, అంటే ఇక్కడి దుకాణాల్లో 9 × 13 అంగుళాలని అమ్మేదానికి, ఉడకబెట్టనవసరం లేని రేకులు పన్నెండు కావాలి. పెద్ద టొమాటో డబ్బాలు రెండు, అంటే ఒక్కొక్కటి 28 ఔన్సులు, సుమారు 794 గ్రాములవి తీసుకోవాలి. రికోటా 850 గ్రాములు, తేమ తక్కువ ఉన్న మొజరెల్లా 450 గ్రాములు, తురిమిన గట్టి చీజ్ ఒక కప్పు సరిపోతాయి. రికోటా బదులు బెషమెల్ ఇష్టపడేవారు 60 గ్రాముల వెన్నలో 60 గ్రాముల మైదాను పచ్చివాసన పోయేవరకు, రంగు మారనీయకుండా వేయించి, లీటరు పాలను కొద్దికొద్దిగా పోస్తూ ఉండకట్టకుండా గరిటె తిప్పుతూ కాచి, చివర చిటికెడు జాజికాయ గీకి వేసుకోవాలి. మన బిర్యానీలో పడే జాజికాయే అక్కడా పడుతుందని తెలిసినప్పుడు మా అమ్మకు ఆ వంట మీద కొంచెం గౌరవం పెరిగింది.

తడి లెక్క అన్నాను కదా, దానిని వివరంగా చెప్పవలసి ఉంది, ఎందుకంటే నా రెండో ప్రయత్నం చెడిపోయింది అక్కడే. ఎండు రేకులు తమ చుట్టూ ఉన్న సాసులోని నీటిని పీల్చుకొని ఉడుకుతాయి. సాసు మన ఇగురు కూరలా గట్టిగా ఉంటే రేకులు పళ్ళకు అట్టముక్కల్లా తగులుతాయి, చారులా పలచగా ఉంటే కోసినప్పుడు పళ్ళెం అడుగున నీళ్ళు తేలి పొరలన్నీ జారిపోతాయి. గరిటెతో ఎత్తి పోస్తే పప్పుచారు కంటే చిక్కగా, ముద్దపప్పు కంటే పలచగా జారడం సరైన పాకం. కూరగాయలతో చేసేవారికి ఈ జాగ్రత్త రెట్టింపు అవసరం. ఫ్రీజర్ పాలకూరను కరిగించి, పలుచని గుడ్డలో వేసి పిండితే 280 గ్రాముల పొట్లం నుంచి ఎన్ని నీళ్ళు వస్తాయో చూసి మీరే ఆశ్చర్యపోతారు. వంకాయను చక్రాలుగా కోసి ఉప్పు చల్లి అరగంట ఉంచి, ఊరిన నీటిని తుడిచి, నూనె రాసి ముందుగా విడిగా కాల్చుకోవాలి; పుట్టగొడుగులను వాటి నీరంతా ఇగిరేవరకు పెనం మీదే వేయించాలి. రికోటా దొరకని ఊళ్ళో ఉన్నవారు మూడు లీటర్ల పాలను నిమ్మరసంతో విరగ్గొట్టి, గుడ్డలో వడకట్టి, పనీరులా బరువు పెట్టి అదమకుండా మెత్తగా ఉన్నప్పుడే వాడుకోవచ్చు. దుకాణంలో కొన్న గట్టి పనీరును తురిమి వేస్తే ఇసుకలా పొడిపొడిగా ఉంటుంది. నేను సిఫారసు చేయను.

కారం విషయంలో సంకోచం అక్కరలేదు. ఇటలీ దక్షిణ కొసన ఉన్న కలాబ్రియా ప్రాంతంవారు ఎండుమిరపకాయను మనంత ఇష్టంగానే తింటారు. వేయవలసిన తీరు మాత్రం వేరు: కారప్పొడిని ఉడుకుతున్న సాసులో చల్లకుండా, మొదట ఆలివ్ నూనెలో వెల్లుల్లి పలుకులు వేసి అవి బంగారు రంగుకు తిరిగే సమయానికి కచ్చాపచ్చాగా దంచిన గుంటూరు మిరపకాయలు నాలుగు వేసి, ఆ నూనెలోనే టొమాటో పోయాలి. అమ్మ వెతికిన తాలింపు ఆ వంటలో అక్కడ ఉంది. రెండో మార్పు సోంపు. అమెరికాలో ఇటాలియన్ సాసేజి అని అమ్మేదానికి ఆ ప్రత్యేకమైన రుచినిచ్చేది అదే కాబట్టి, కోడి ఖీమాలోనో మేక ఖీమాలోనో చెంచాడు సోంపును నలగ్గొట్టి, మిరియాలు, వెల్లుల్లి కలిపి వేయిస్తే, పంది మాంసం తినని ఇంట్లో కూడా ఆ రుచి వస్తుంది. కోడి, టర్కీ ఖీమాలలో కొవ్వు తక్కువ. రెండు చెంచాల నూనె అదనంగా వేయకపోతే పిడచకట్టుకుపోతాయి. రాగూలో పోసే వైన్ వద్దనుకునేవారు కూరగాయలు ఉడికించిన నీటిని పోసుకోవచ్చు, నష్టమేమీ లేదు. మన తులసి, ఇటాలియన్ వంటల్లో వేసే బేసిల్ ఆకు ఒకే జాతివని విని పెరట్లోని తులసి కోసి వేయకండి. ఆ ఘాటు కషాయానికి పనికివస్తుంది.

శాకాహారులు చీజ్ దగ్గర జాగ్రత్త పడాలి. పార్మిజానో రెజ్జానో తయారీలో పాలను విరగ్గొట్టడానికి దూడ పొట్ట నుంచి తీసే రెన్నెట్‌ను వాడతారు, అది ఆ చీజ్ నియమాల్లోనే ఉంది. అమెరికాలో పార్మెజాన్ అన్న పేరుతో అమ్మే వాటిలో కొన్ని సూక్ష్మజీవుల నుంచి తీసిన ఎంజైములతో చేసినవి ఉంటాయి. పొట్లం మీద ఉత్త ఎంజైములు అని మాత్రమే ఉంటే ఏవో తెలియదు, మైక్రోబియల్ అని గానీ వెజిటేరియన్ అని గానీ స్పష్టంగా రాసి ఉన్నదాన్నే తీసుకోవాలి. బ్రిటన్‌లో ఉన్నవారికి ఇటాలియన్ తరహా గట్టి చీజ్ అన్న పేరుతో శాకాహార గుర్తు ఉన్నది దొరుకుతుంది. నలుగురూ తలొక వంట తెచ్చే విందుకు మీరు లసాన్యా పట్టుకెళితే, అందులో ఏ చీజ్ వేశారో చీటీ మీద రాసిపెట్టడం మర్యాద. రేకుల పొట్లాన్ని కూడా చదవండి. ఎండువి చాలావరకు గోధుమ రవ్వతో చేసినవే గానీ, తాజా రేకుల్లో కోడిగుడ్డు ఉంటుంది.

పేర్చేటప్పుడు అడుగున తప్పకుండా సాసు ఉండాలి, పైరేకు అంచులు సైతం సాసులో మునగాలి, లేకపోతే అవి అప్పడాల్లా ఎండిపోతాయి. ఓవెన్‌ను 375 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు, అంటే 190 సెల్సియస్‌కు వేడి చేసి, పళ్ళేన్ని అల్యూమినియం రేకుతో మూసి నలభై నిమిషాలు, మూత తీసి మరో పదిహేను నిమిషాలు కాల్చాలి; ఐరోపాలో ఫ్యాన్ ఓవెన్ వాడేవారు ఇరవై డిగ్రీలు తగ్గించుకోవాలి. ఇక్కడొక చిన్న ముచ్చట. నేను ఒకసారి స్టీలు పళ్ళెంలో చేసి, అల్యూమినియం రేకు టొమాటోకు తగిలేలా మూసి ఫ్రిజ్‌లో పెడితే, తెల్లారేసరికి రేకుకు సన్నని చిల్లులు పడి, వాటి కింద నల్లని మచ్చలు కనిపించాయి. పులుపు, ఉప్పు, రెండు వేర్వేరు లోహాలు కలిసి చిన్న బ్యాటరీలా పనిచేయడం వల్ల అలా అవుతుందట, దానికి లసాన్యా సెల్ అన్న పేరే ఉంది. కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో పులుసు కాచనివ్వని మన అమ్మమ్మలకు ఇది విడ్డూరంగా తోచదు. గాజు పళ్ళెం వాడినా, మధ్యలో వంటకాగితం పరిచినా ఆ బాధ లేదు. కాకపోతే ఫ్రిజ్‌లోని గాజు పళ్ళేన్ని నేరుగా వేడి ఓవెన్‌లో పెడితే పగలవచ్చు.

తీశాక ఇరవై నిమిషాలు ఆగాలి. పిల్లలు ప్లేట్లు పట్టుకొని నిలబడినా సరే ఆగాలి. ఉడుకుతున్న సాసు, కరిగిన చీజ్ కొంచెం గట్టిపడి ఒకదానినొకటి పట్టుకుంటేనే ముక్క నిలబడుతుంది. చేపల పులుసులాగే ఇది కూడా మర్నాటికే రుచి దేరుతుంది కనుక, అతిథులు వచ్చే రోజున నేను ముందురోజే చేసి పెట్టుకొని, అల్యూమినియం రేకు మూసి 175 డిగ్రీల సెల్సియస్‌లో అరగంట వేడి చేస్తాను.

గత చలికాలంలో పక్కింటి పెద్దావిడకు మోకాలి శస్త్రచికిత్స అయినప్పుడు, కోడి ఖీమా, సోంపు, గుంటూరు మిరపకాయలు వేసి చేసిన పళ్ళేన్ని నేనే పట్టుకెళ్ళాను. ఆవిడ రెండో ముక్క వేసుకుంటూ, పంటికింద పడిన గింజను తీసి చూసి, "ఇది మీ ఇండియా మసాలానా?" అని అడిగారు. "కాదండీ, మీ సాసేజిలోదే" అన్నాను. వారం తరువాత పళ్ళెం తిరిగి వచ్చింది, నిండా నిమ్మకాయ బిస్కట్లతో.